స్తంభం పక్కన ఆకుపచ్చ చీర

టీవీ మీద దుప్పటి కప్పి అది నాలుగో రోజు.

యాభై అయిదు అంగుళాల తెర, హాలు గోడలో సగం అదే. అరుణ దాని మీద పూల దుప్పటి కప్పి, అంచులు వెనక్కి దోపి, అటువైపు చూడకుండా ఇంటిపని చేసుకుపోతోంది. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా చూస్తే ఇంట్లో ఎవరో జ్వరపడి ముసుగు తన్నారని అనుకుంటారు.

"మూడు గొట్టవట్టె," అన్నది భద్రమ్మ, చింతపండులో గింజలు తీస్తూ. "రాత్రి సీరియల్ మళ్ల ఏస్తరు. జర ఆ దుప్పటి తియ్యరాదు."

"టీవీ ఖరాబైంది అత్తమ్మా."

"టీవీలమ్మెటోని ఇంట్ల టీవీ ఖరాబైందంటే బజార్ల నవ్వుతరే."

"నవ్వనీయుండ్రి. ఇప్పుడేం తక్కువ నవ్వుతాండ్రా."

భద్రమ్మ గింజను పళ్ళెం అంచుకు కొట్టింది. వీధిలో ఆటో ఒకటి ఆగి, బేరం కుదరక వెళ్ళిపోయింది.

"నాలుగొద్దులాయె," అన్నది ముసలావిడ మళ్ళీ. "ఆడు నీతోని మాట్లాడడు, నువ్వు ఆనితోని మాట్లాడవు. నడిమిట్ల నేనొక పోస్టుమ్యాన్‌నైతి. అన్నం పెట్టాల్నా అడుగుండ్రి అని నువ్వు, సబ్బు అయిపోయిందని చెప్పు అని ఆడు. డెబ్బై రెండేండ్ల మోకాళ్లే ఇవి."

"రేపటిసంది మీకు ఆ తిప్పలు ఉండది తియ్యుండ్రి. పొద్దుగాల బండికి డోర్నకల్ పోతాన."

"పోయి?"

"పోయి మా తమ్ముని ఇంట్ల ఉంట. ఆమె షాపుల ఉన్నన్ని రోజులు నేనీ ఇంట్ల ఉండ. ఆమెను తీసేస్తే వస్త. మీ కొడుక్కు గురువారం రాత్రి చెప్పిందే మీకూ చెప్తాన."

"ఆడేమన్నడు?"

"తియ్య అన్నడు."

భద్రమ్మ చింతపండు పళ్ళెం పక్కకు జరిపింది. "ఆ పిల్ల ఏం జేసిందే పాపం?"

పిల్ల. నలభై ఆరేళ్ళ శకుంతల ఈ ఇంట్లో పిల్ల అయింది. అరుణకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అత్త తనను ఒక్కసారి కూడా ఆ మాటతో పిలవలేదు.

"ఏం జేసిందో మీ కొడుకునే అడుగుండ్రి," అని వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ఆ కడుగుడులోనే గురువారం నాటిదంతా మళ్ళీ కళ్ళ ముందు తిరిగింది.

ఓంప్రకాశ్‌కు టీవీలమ్మే పద్ధతి ఒకటుంది. హన్మకొండ చౌరస్తాలో మిగతా షాపులవాళ్ళు కంపెనీలిచ్చిన పూలూ జలపాతాలూ చూపిస్తారు. పూలు ఏ టీవీలోనైనా బాగానే ఉంటాయి. ఓంప్రకాశ్ మాత్రం వచ్చినవాళ్ళతో, "మీ పెండ్లి క్యాసెట్టు ఉంటే పట్టుకురాండ్రి, సీడీ ఉంటే ఇంకా మంచిది, ఏసి చూపిస్త. మీ మామ మీసంల వెంట్రుకలెన్నో మీరే లెక్కపెడ్తరు," అంటాడు. జనం నవ్వుకుంటూ పోతారు. మర్నాడు సీడీ చేతపట్టుకుని వస్తారు. తమ పెళ్ళిని తాము అంత పెద్దగా చూసుకున్నవాళ్ళు వట్టి చేతులతో వెనక్కి పోవడం కష్టం.

మొదటిసారి వచ్చినవాళ్ళకు చూపించడానికి ఆయన తన పెళ్ళినే పెట్టుకున్నాడు. డోర్నకల్‌లో తీసిన పాత క్యాసెట్టు అది. సీడీలోకి ఎక్కించిన దాన్ని మళ్ళీ సుబేదారిలో ఒక స్టూడియోకు ఇచ్చి, కంప్యూటర్లో వేయించి, మసకంతా తీయించి పెన్‌డ్రైవ్‌లో పెట్టించాడు. పెద్ద తెర మీద అది మొన్న జరిగిన పెళ్ళిలా ఉంటుంది.

మొదట్లో అరుణకు అది గర్వంగానే ఉండేది. కూరగాయల మార్కెట్లో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఆపి, "మీ పెండ్లి చూసినమమ్మా, పూలజడ మస్తుండె" అనేవాళ్ళు.

నాలుగు నెలల కింద శకుంతల పనిలో చేరింది. చేరిన వారానికే రిమోటు ఆమె చేతిలోకి పోయింది.

మాటకారి మనిషి. ఆడవాళ్ళకు ఏం చూపించాలో ఆమెకు తెలుసు. మూడు ముళ్ళ దగ్గర ఆపదు, అరుణ పట్టుచీర అంచు దగ్గర ఆపుతుంది. "జరీ చూడుండ్రి, పోగు పోగు కనవడ్తది" అంటుంది. సాయంత్రం ఓంప్రకాశ్ ఇంటికి వచ్చి, శకుంతల ఇవాళ ఇట్లా చెప్పింది, అట్లా ఒప్పించింది, శకుంతలకు ఒకసారి వచ్చిన గిరాకీ పేరు మళ్ళీ మరుపు రాదు, అనేవాడు. అన్నం కలుపుకుంటూ ఒక పేరు మూడుసార్లు చెప్తే, వడ్డించే మనిషి మూడుసార్లూ వింటుంది.

గురువారం అన్నం డబ్బా పట్టుకుని అరుణే షాపుకు పోయింది. శకుంతల ఎవరో దంపతులకు పెళ్ళి చూపిస్తోంది. జరీ అంచు దగ్గర బొమ్మ ఆగింది. అందరూ అంచును చూస్తున్నారు. అరుణ మాత్రం వెనక మండపం స్తంభం వైపు చూసింది.

స్తంభం పక్కన ఆకుపచ్చ చీరలో ఒకామె నిలబడి ఉంది. పాత టీవీలో అక్కడ ఇన్నేళ్ళూ ఉన్నది ఒక ఆకుపచ్చ మరక. ఇప్పుడా మరకకు కళ్ళూ ముక్కూ వచ్చాయి. ఆ కళ్ళు పెళ్ళికూతుర్ని చూడటం లేదు. పెళ్ళికొడుకును చూస్తున్నాయి.

అది శకుంతల మొహం. వయసులో ఉన్న శకుంతల.

"అది నువ్వే కద?" అన్నది అరుణ, గిరాకీలున్నారన్న సోయి కూడా లేకుండా.

శకుంతల తెరను చాలాసేపు చూసింది. "నేను కాదు మేడం. అక్కడ నేను లేను."

ఓంప్రకాశ్ కౌంటరు వెనక నుంచి లేచి వచ్చాడు. "మన డిష్షుల యాకయ్య తీస్కొస్తే నాలుగు నెలల కింద చూసిన ఈమెను. అంతకు ముందు ఈమె ఎవరో నాకెరుకనే లేదు. నెత్తి గిట్ల ఖరాబైందా నీకు?"

ఆ ఆఖరి మాట శకుంతల ముందర అన్నాడు. అరుణ డబ్బా అక్కడే పెట్టేసి వచ్చింది. ఇంట్లో కూడా ఒక పెన్‌డ్రైవ్ ఉంది. దాన్ని పెట్టి, స్తంభం దగ్గర ఆపి, గంటసేపు ఆ కళ్ళను చూసి, దుప్పటి కప్పింది.

గేటు చప్పుడైంది. గిన్నె చేతిలోనే ఉండగా బయటికి వచ్చి చూస్తే యాకయ్య. మామగారి కాలం నుంచి ఆ షాపులో పనిచేస్తున్న మనిషి. అప్పుడు యాంటెన్నాలు బిగించేవాడు, ఇప్పుడు డిష్షులు. చంకలో ఒక అట్టపెట్టె.

"ఏమైంది అరుణమ్మా టీవీకి?"

"ఎవరు పిలిచిండ్రు నిన్ను?"

"నేనే ఫోన్ జేసిన," అన్నది భద్రమ్మ. "ఖరాబైందంటివి. ఖరాబైతే మెకానిక్కును పిలువద్దా?"

యాకయ్య దుప్పటి తీసి, శుభ్రంగా మడత పెట్టి, కుర్చీ మీద వేశాడు. "ఇగో, సగం రిపేరైంది."

అరుణ నవ్వలేదు. వచ్చిన నవ్వును పంటి కింద పట్టి ఉంచింది.

యాకయ్య పాత సెట్‌టాప్ డబ్బా ఊడదీసి, తెచ్చిన హెచ్‌డీ డబ్బా బిగించాడు. సేటు ఓంప్రకాశ్ పోయిన వారమే పెట్టుమన్నాడట, తీరిక దొరకలేదట. రెండు వైర్లు కలిపి, మేడమీదికి పోయి డిష్షును వేలెడంత తిప్పి వచ్చాడు. తెర మీద సీరియల్ ప్రత్యక్షమైంది. భద్రమ్మ కుర్చీని ముందుకు జరుపుకుంది.

నాలుగు నిమిషాలు చూసి, "యాకయ్యా, మునుపు ఈ కోడలి మొకం వెన్నముద్ద లెక్కుండె," అన్నది. "ఇందుల పౌడరు పెచ్చులు పెచ్చులు కనవడ్తాంది."

"హెచ్‌డీ అంటే అంతే పెద్దమ్మా. ఉన్నది ఉన్నట్టు చూపెడ్తది."

"దీని కంట్ల నీళ్లు లేవు కదరా. ఆరేండ్ల సంది నేను దీనితోని ఏడుస్తాన. ఇది ఏడుస్తనే లేదు."

ఉన్నది ఉన్నట్టు. అరుణ ఆ మాటను పట్టుకుంది.

"అంటే ఈ టీవీల కనవడేదంత నిజమే కద యాకన్నా?"

యాకయ్య స్క్రూడ్రైవరు అట్టపెట్టెలో పెట్టాడు. గురువారం సంగతి అతనికీ తెలుసు. చౌరస్తాలో తెలియనిదెవరికి?

"పైకెల్లి హెచ్‌డీ వస్తే నిజమే. పాతది ఏస్తే కాదు," అన్నాడు.

అరుణ పెన్‌డ్రైవ్ తెచ్చింది. సీరియల్ పోయి పెళ్ళి వచ్చింది. భద్రమ్మ కుర్చీని వెనక్కి జరుపుకుంది. స్తంభం దగ్గర బొమ్మ ఆపి, అరుణ రిమోటుతోనే తెరను చూపించింది. "మరి ఇది?"

"ఇగో, లెక్క చెప్త విను. ఈ తెర మీద ఎనభై లక్షల చుక్కలుంటయి. మీ పాత సీడీల నాలుగు లక్షలు. నాలుగు లక్షలు చేత పట్టుకొని ఎనభై లక్షల జాగ నింపాలె. తక్కినయి ఎక్కడికెల్లి వస్తయి?"

"ఎక్కడికెల్లి?"

"పక్క చుక్కను చూసి టీవీ సొంతంగ అల్లుతది. అదన్న నయం, పక్కనున్న రంగే పూస్తది. సుబేదారిల కంప్యూటర్ల ఏయించిండు చూడు సేటు, అది ఇంకో తీరు. దానికి లోకంల ఉన్న మొకాలన్ని చూపెట్టి నేర్పిండ్రట. జర మసక కనవడ్తే చాలు, ఈడ మొకముండాలె అని తనే ఒక మొకం తయారు చేస్తది."

అరుణ నమ్మినట్టు లేదు.

"రఫ్ఫు చేసెటోని కాడికి పోతవు కద అరుణమ్మా, పట్టుచీరకు బొక్క పడితే. పక్క పోగులు చూసి కుడ్తడు. బొక్క కనవడది. గని నేసినోడు ఆడ నెమలి ఏసిండో చిలుక ఏసిండో రఫ్ఫుటోనికేం ఎరుక?"

"మరి ఈమె మొకమే ఎందుకు కుట్టింది?"

యాకయ్య రిమోటు తీసుకుని బొమ్మను మెల్లగా ముందుకు జరిపాడు. స్తంభం పక్కనున్న ఆమె ఇంత తల తిప్పింది. గడ్డం కోలగా అయింది. ఇంకా జరిపాడు. ముక్కు వెడల్పయింది. బాజా ఊదే అతను అడ్డం వచ్చి పోయేసరికి ఆమె పూర్తిగా వేరే మనిషి. ఎక్కడో బస్టాండులో చూసి మరిచిపోయే మొహం.

అరుణ వెనక్కి జరిపించింది. మళ్ళీ ముందుకు. మూడుసార్లు చూసింది. గురువారం తను గంటసేపు చూసింది ఆగిన ఒక్క బొమ్మనే. దాన్ని కదలనివ్వాలని తోచనే లేదు.

"ఇంకా అనుమానముంటే, నీకు బాగ ఎరుకైన మొకం ఒకటి చూడు," అన్నాడు యాకయ్య.

ముందు వరుసలో, ఇనప కుర్చీలో, అరుణ అమ్మమ్మ కూర్చుని ఉంది. పోయి పదిహేనేళ్ళు. అరుణ తెర దగ్గరికి పోయి నిలబడింది. అమ్మమ్మ రెండు కళ్ళూ మెరుస్తున్నాయి.

"యాకన్నా, మా అమ్మమ్మకు ఎడమ కన్ను లేదు."

"లేదా?"

"చిన్నప్పుడు అమ్మవారు పోసి పోయింది. అక్కడ గుంట ఉంటుండె. నేను చిన్నగున్నప్పుడు ఆ గుంట మీద ముద్దు పెట్టుమని అడుగుతుండె."

ఆమె వేలు తెరను తాకింది. లేని కన్ను, తడి మెరుపుతో సహా, వేలి పక్కన చల్లగా చూస్తోంది.

"పోనీ," అన్నది భద్రమ్మ వెనక నుంచి. "పోయినంకనన్న ఒక కన్ను వచ్చింది ముసల్దానికి."

ఈసారి అరుణ నవ్వును ఆపలేకపోయింది. నవ్వుతూనే కింద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లేని కంటిని చూడకుండా, లేని మొహాన్ని పట్టుకుని ఊగింది తను. నలుగురిలో ఒక ఆడమనిషిని నిలబెట్టి అడిగింది. మొగుడు పోయి, పని వెతుక్కుంటూ వచ్చిన మనిషిని, తీసెయ్యమని మొండికేసింది.

కొంగు తీసి, "ఆమెను నువ్వే తీస్కొచ్చినవు కద షాపుకు?" అని అడిగింది.

"మా రఘునాథపల్లి మనిషే. పని చూడుమన్నది, తీస్కొచ్చిన," అంటూ యాకయ్య పాత డబ్బా వైరు చుట్టడం మొదలుపెట్టాడు. జానెడు వైరు. చాలాసేపు చుట్టాడు.

అతను పోగానే అరుణ మొహం కడుక్కుని, బీరువా తీసి, మెరూన్ రంగు చీర కట్టుకుంది. తప్పు ఒప్పుకోవడానికి పోతూ మంచి చీర ఎందుకో తనకే అర్థం కాలేదు. అయినా మార్చుకోలేదు.

"ఏడికే?" అన్నది భద్రమ్మ.

"షాపుకు. మాట అన్నప్పుడు అక్కడనే అన్న. వెనక్కి తీసుకునేది కూడ అక్కడనే."

"ఇప్పుడే పోవాల్నా? ఆడు వచ్చినంక ఇంట్లనే చెప్పరాదు."

"ఆమెకు కూడ చెప్పాలె అత్తమ్మా."

"ఆమెకేం చెప్తవు. మబ్బు పట్టింది, వానొస్తది." భద్రమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. మోకాళ్ళు నొప్పులని కుర్చీలోంచి లేవని మనిషి. "ఇన్నొద్దులు ఆగినవు. ఇంకో పూట ఆగు బిడ్డా."

బిడ్డా అన్నందుకు అరుణకు సంతోషమే అయింది. చెప్పులేసుకుంది.

మట్టెవాడ నుంచి ఆటో చౌరస్తా చేరేసరికి వాన మొదలైంది. షాపులో గిరాకీ లేదు. గోడ నిండా పన్నెండు టీవీలు. వానకు డిష్షు సిగ్నలు పోయినట్టుంది, అన్నింటిలోనూ పెళ్ళే నడుస్తోంది. పన్నెండు అరుణలు తలవంచుకుని కూర్చుని ఉన్నారు. శకుంతల మెత్తటి గుడ్డతో తెరలు తుడుస్తోంది. కౌంటరు మీద రెండు టీ గ్లాసులు ఉన్నాయి, తాగినవి. అరుణ వాటిని చూసింది. చూసి, చూడనట్టు ముందుకు వచ్చింది.

ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ గొడవేమోనని శకుంతల వైపు ఒకసారి, వీధి వైపు ఒకసారి చూశాడు.

"మా అమ్మమ్మకు రెండు కండ్లొచ్చినయి," అన్నది అరుణ.

నాలుగు రోజుల తర్వాత భర్తతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. ఆయనకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. చుక్కల లెక్క, రఫ్ఫు, కోలగా మారిన గడ్డం, ఎడమ కన్ను, అన్నీ. చెప్తున్నకొద్దీ ఓంప్రకాశ్ భుజాలు కిందికి దిగాయి. చివరికి గట్టిగా నవ్వాడు.

"నేను చెప్తే ఇనకపోతివి. యాకయ్య చెప్తే విన్నవా?"

"మీరు చెప్పలే. మీరు నెత్తి ఖరాబన్నరు."

"తప్పయింది తీ. గిరాకీల ముందట అట్ల అడిగితే నాకేం తోస్తది."

అరుణ శకుంతల వైపు తిరిగింది. మనసులో ఎక్కడో ఇంకా ఒక ముల్లు ఉంది. ఆమె జడ ఇంకా ఒత్తుగా ఉందని చూసింది. ఆ గుడ్డ పట్టుకున్న చేతికి గాజులు లేవని కూడా చూసింది. "తప్పు నాదే శకుంతలా. నువ్వు అప్పుడే చెప్పినవు. నేను నమ్మలే. ఏమనుకోకుండ ఎప్పటి తీరుగనే పని చేసుకో."

"పర్వాలేదు మేడం," అన్నది శకుంతల. ఇంకో తెర తుడవడానికి జరిగింది. పెద్ద తప్పును క్షమించే మనిషి మొహం అట్లా ఉండదు. కానీ ఆ మొహం ఎట్లా ఉందో చెప్పడం అరుణకు చేతకాలేదు.

ఓంప్రకాశ్‌కు ఉత్సాహం వచ్చింది. గండం గడిచిన మగవాడి ఉత్సాహం. రిమోటు అందుకుని స్తంభం దగ్గరికి జరిపాడు. పన్నెండు తెరల మీద ఆకుపచ్చ చీర ప్రత్యక్షమైంది.

"నువ్వే చూడు ఇప్పుడు. ఏమన్న పోలిక ఉన్నదా? ఈ నొసలేంది, ఆ గడ్డమేంది. మసక మొకాన్ని పట్టుకొని నాలుగొద్దులు నన్ను ఎండబెట్టినవు. ఐనా ఆమె ఆ స్తంభం కాడికి ఎట్లొస్తదే? బస్సు దిగనే లేదాయె."

శకుంతల చేతిలో గుడ్డ తెర మీదే ఆగిపోయింది.

బయట వాన పడుతోంది. షాపు ముందు తడవకుండా నిలబడ్డ ఎవరో ఫోనులో మాట్లాడుతున్నారు.

"ఏ బస్సు?" అన్నది అరుణ.

"ఏంది?"

"ఏ బస్సు దిగలే?"

"బస్సంటే… మాటవరసకన్న." ఆయన రిమోటును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "పొద్దుగాల ఆమె బస్సు లేటైంది, అది యాదికుండి…"

అరుణ వినడం లేదు. డోర్నకల్‌కు మగపెళ్ళివారి బస్సు ఒక్కటే వచ్చింది. దానిలో ఎవరెక్కాలో పేర్లు చదివి ఎక్కించింది భద్రమ్మ. ఆ సంగతి ఇంట్లో వందసార్లు చెప్పుకుని నవ్వుకున్నారు. డోర్నకల్‌లో దిగకుండా బస్సులోనే ఉండిపోయిన మనిషి పేరును కూడా అత్తే చదివి ఉంటుంది. మర్నాడు అప్పగింతలయ్యాక తనను కూడా ఆ బస్సులోనే ఎక్కించారు. వరంగల్ దాకా కిటికీ పక్కన, ఒళ్ళో కొబ్బరిబోండాంతో, తల ఎత్తకుండా కూర్చుంది. వెనక సీట్లలో పాటలు పాడుతున్నారు. ఎవరు పాడారో, ఎవరు ఊరుకున్నారో తను తిరిగి చూడలేదు. ఏ కెమెరా కూడా ఆ బస్సెక్కలేదు.

"ఆమెను నాలుగు నెలల కింద చూసిన అన్నరు," అన్నది మెల్లగా.

"అవును, యాకయ్య తీస్కొస్తేనే కద…"

"అవద్దమాడకు ప్రకాశ్."

అన్నది శకుంతల. గొంతు పెంచలేదు. గిరాకీకి జరీ పోగు చూపించే గొంతుతోనే అన్నది.

ఓంప్రకాశ్ అని షాపు బోర్డు మీద ఉంటుంది. చౌరస్తాకంతా ఆయన సేటు. భార్యకు ఆయన మీరు. ఆయన్ను ప్రకాశ్ అని, అదీ నువ్వు అని పిలిచే మనిషి లోకంలో తన అత్త ఒక్కతే అని అరుణ ఇన్నేళ్ళూ అనుకుంటోంది.

ఆయన చేయి రిమోటు మీద ఏదో నొక్కింది. పన్నెండు తెరలూ ఒక్కసారే నల్లగా అయ్యాయి.

అరుణ భర్త వైపు చూడలేదు. కౌంటరు పక్కనున్న స్టూలు లాగి, శకుంతలకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.